మాల తీసిన మర్నాడు: రక్షకుణ్ణి వెతికిన అగస్టీన్ కథ



గజేంద్ర మోక్షం వీడియో చూశాక మీలో చాలామందికి వచ్చిన సందేహం ఒకటే. మొసలి కాలు పట్టుకున్నాక ఆ ఏనుగు వెయ్యేళ్లు పోరాడింది కదా, మొదటిరోజే దేవుణ్ణి పిలిచి ఉంటే సరిపోయేది కదా అని. మంచి ప్రశ్న. నాకూ చాలాకాలం అదే ప్రశ్న ఉండేది. దానికి సమాధానం నాకు అనుకోని చోట దొరికింది. పదహారు వందల ఏళ్ల కిందట ఉత్తర ఆఫ్రికాలో పుట్టిన ఒక క్రైస్తవ గురువు జీవితంలో. ఆయన పేరు అగస్టీన్. క్రైస్తవులు సెయింట్ అగస్టీన్ అంటారు.

మన ఛానల్‌లో ఆయన కథ ఎందుకని అనిపించొచ్చు. ముందు మా బాబాయి గురించి చెప్తాను. అప్పుడు మీకే అర్థమవుతుంది.

నా చిన్నప్పుడు మేం రాజమండ్రిలో ఉండేవాళ్లం. బాబాయి ఏటా కార్తీకంలో అయ్యప్ప మాల వేసేవాడు. 41 రోజుల దీక్ష. తెల్లవారుజామునే గోదావరిలో చన్నీళ్ల స్నానం, నల్ల బట్టలు, కటిక నేల మీద పడక. ఆ రోజుల్లో చుక్క ముట్టేవాడు కాదు. మా పిన్ని మొహంలో అప్పుడు కనిపించే కళ మళ్లీ ఏడాదంతా కనిపించేది కాదు. శబరిమల వెళ్లి ఇరుముడి సమర్పించి, ఇంటికొచ్చి మాల తీసేవాడు. మర్నాడు సాయంత్రానికి తాగి వచ్చేవాడు.

ఏటా ఇదే తంతు. నాకు పదిహేనేళ్లు వచ్చేసరికి మనసులో తీర్పు ఇచ్చేశాను. 41 రోజులు ఉండగలిగినవాడు 42వ రోజు ఎందుకు ఉండలేడు? చేతకాక కాదు, ఉండాలని లేక. అంతే.

ఒక ఏడాది మాల తీసిన మర్నాడు, పొద్దు గూకే వేళకి బాబాయి మా ఇంటికొచ్చాడు. కాసేపు తనతో అరుగు మీద కూర్చోమని నన్ను అడిగాడు. ఒక్కడే ఉంటే కాళ్లు అటే వెళ్తాయట, రాత్రి భోజనాల వేళ దాకా ఎవరైనా తోడుంటే చాలట. నాకు పరీక్ష ఉందని చెప్పి లోపలికి వెళ్లిపోయాను. పరీక్ష ఉన్నమాట నిజమే. కానీ నేను లేచి వెళ్లింది దానికోసం కాదు. ఆయన కాసేపు అక్కడే కూర్చుని లేచి వెళ్లిపోయాడు. ఎక్కడికో నాకు తెలుసు.

బాబాయి పోయి చాలా ఏళ్లయింది. హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక ఆదివారం ఆబిడ్స్‌లో పేవ్‌మెంట్ మీద పాత పుస్తకాలు చూస్తుంటే అగస్టీన్ ఆత్మకథ దొరికింది. దాని పేరు కన్ఫెషన్స్. అందులో ఎనిమిదో భాగం చదువుతూ పుస్తకం మూసేసి చాలాసేపు కూర్చుండిపోయాను.

ఎవరీ అగస్టీన్?

క్రీ.శ. 354 నవంబరు 13న థగాస్టే అనే చిన్న ఊళ్లో పుట్టాడు. ఇప్పుడది అల్జీరియాలో ఉన్న సూక్ అహ్రాస్. అప్పట్లో అదంతా రోమన్ సామ్రాజ్యం. తండ్రి పాట్రీషియస్ పాత రోమన్ దేవతల్ని కొలిచేవాడు, చనిపోయే ముందే క్రైస్తవం తీసుకున్నాడు. తల్లి మోనికా మాత్రం మొదటినుంచీ భక్తురాలు. కొడుకు కోసం ఆవిడ కార్చినన్ని కన్నీళ్లు ఇంకెవరూ కార్చి ఉండరేమో.

ఆస్తి పెద్దగా లేదు, కానీ పిల్లాడు చురుకు. ఎలాగోలా చదివించాలని తండ్రి పట్టుదల. అలా కార్తేజ్ నగరానికి వెళ్లాడు. మన భాషలో చెప్పాలంటే టౌన్ నుంచి సిటీకొచ్చిన టాపర్. అక్కడ ఒకామెతో కలిసి బతకడం మొదలుపెట్టాడు. ఒక కొడుకు పుట్టాడు. వాడికి పెట్టిన పేరు అడియోడాటస్, అంటే దేవుడిచ్చినవాడు. అచ్చంగా మన దేవదత్తుడు.

19 ఏళ్లప్పుడు సిసిరో రాసిన ఒక తత్వగ్రంథం చదివాడు. జ్ఞానం కావాలనే దాహం అప్పుడే పట్టుకుంది. ఆ ఊపులో బైబిల్ తెరిచాడు. వెంటనే మూసేశాడు. సిసిరో శైలి ముందు ఆ పుస్తకం పల్లెటూరి భాషలా అనిపించింది. ఎంతో చదువుకున్న తను అలాంటి పుస్తకం ముందు తల వంచడమేంటని అనుకున్నాడు.

ఆ తర్వాత మానీ అనే ప్రవక్త పేరుమీద నడిచే మార్గంలో చేరి తొమ్మిదేళ్లు ఉన్నాడు. వాళ్ల సిద్ధాంతం ప్రకారం లోకంలో వెలుగు, చీకటి అనే రెండు శక్తులు పోట్లాడుకుంటూ ఉంటాయి. మనిషి తప్పు చేశాడంటే చేసింది అతను కాదు, అతనిలో చిక్కుకున్న చీకటి. ఎంత హాయిగా ఉందో చూడండి. తప్పు జరుగుతుంది, కానీ తప్పు చేసినవాడు ఎవడూ ఉండడు. ఆ హాయి కోసమే అందులో ఉన్నానని అగస్టీన్ తర్వాత ఒప్పుకున్నాడు. ఖగోళం గురించీ గ్రహాల గురించీ తనకున్న సందేహాలకి ఫాస్టస్ అనే వాళ్ల పెద్ద గురువు వస్తే జవాబులు దొరుకుతాయని ఏళ్లతరబడి ఎదురుచూశాడు. తీరా ఆయనొచ్చాక తెలిసింది, మాట తీపి తప్ప లోపల సరుకు లేదని.

383లో రోమ్‌కి ఓడెక్కాడు. మోనికా వెంట వస్తానంది. స్నేహితుణ్ణి సాగనంపి వస్తానని తల్లికి అబద్ధం చెప్పి, ఆవిడ ఆ రాత్రి ఒక ప్రార్థనా మందిరంలో ఏడుస్తూ ఉండగా తను వెళ్లిపోయాడు. మరుసటి ఏడాది మిలాన్‌లో పెద్ద ఉద్యోగం వచ్చింది. చక్రవర్తి ఆస్థానం ఉన్న నగరంలో ప్రభుత్వ వాగ్మితా ఆచార్యుడు. ముప్ఫై నిండకుండానే అంత పదవి.

మిలాన్ వీధిలో తాగుబోతు

ఒకరోజు చక్రవర్తిని పొగుడుతూ సభలో చేయాల్సిన ప్రసంగం గురించి కంగారు పడుతూ నడుస్తున్నాడు. ఆ పొగడ్తల్లో చాలావరకు అబద్ధాలని తనకీ తెలుసు, వినేవాళ్లకీ తెలుసు. దారిలో ఒక బిచ్చగాడు కనిపించాడు. నాలుగు డబ్బులు అడుక్కుని, తాగి, పకపకా నవ్వుకుంటున్నాడు. అగస్టీన్ ఆగిపోయాడు. వీడు అడుక్కుని సంపాదించుకున్న సంతోషం కోసమే నేను ఇన్నేళ్లుగా పరిగెడుతున్నాను, నాకింకా అందలేదు అనుకున్నాడు. పైగా వాడి మత్తు రాత్రి నిద్రపోతే దిగిపోతుంది. తన కీర్తి మత్తు మాత్రం పొద్దున్న మళ్లీ తనతోపాటే నిద్ర లేస్తుంది.

ఇది చదివినప్పుడు నాకు చెంప చెళ్లుమంది. అగస్టీన్ ఆ తాగుబోతుని చూసి తనని తాను చూసుకున్నాడు. నేను బాబాయిని చూసి మార్కులు వేశాను.

మిలాన్‌లో ఆంబ్రోస్ అనే బిషప్ ఉండేవాడు. అగస్టీన్ మొదట ఆయన ఉపన్యాస శైలి ఎలా ఉంటుందో చూద్దామని వెళ్లాడు. శైలి కోసం వెళ్తే అర్థం కూడా మెల్లగా లోపలికి దిగింది. పల్లెటూరి పుస్తకం అనుకున్న బైబిల్‌లో లోతు ఉందని తెలిసింది. అదే సమయంలో ప్లేటో సంప్రదాయానికి చెందిన గ్రంథాలు చదివాడు. మన వేదాంతానికి దగ్గరగా అనిపించే ఆలోచనలు వాటిలో చాలా ఉంటాయి. కంటికి కనిపించని పరమసత్యం ఉందనీ, దాన్ని లోపలికి తిరిగి వెతకాలనీ అవి నేర్పాయి. బుద్ధికి సంబంధించిన సందేహాలు దాదాపు తీరిపోయాయి.

అయినా జీవితం మారలేదు. చేరాల్సిన ఊరు కొండమీంచి కనిపిస్తోంది, అక్కడికి దారి మాత్రం దొరకట్లేదు. కన్ఫెషన్స్‌లో ఇలాంటి పోలికే ఆయన చెప్తాడు.

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. ఈ రోజుల్లోనే, పెద్దింటి సంబంధం కుదిరిందని, దాదాపు 15 ఏళ్లు తనతో ఉన్న ఆ స్త్రీని ఆఫ్రికాకి పంపేశారు. కొడుకుని ఇక్కడే ఉంచుకున్నారు. ఇంకొకరితో ఉండనని ఆమె ఒట్టు పెట్టుకుని వెళ్లింది. నిశ్చయమైన పిల్ల మరీ చిన్నది, రెండేళ్లు ఆగాలి. ఆ రెండేళ్లు కూడా ఆగలేక ఈయన ఇంకో స్త్రీని తెచ్చుకున్నాడు. ఆమె మాట నిలబెట్టుకుందనీ, తను ఆపాటి కూడా చేయలేకపోయాననీ తనే రాసుకున్నాడు. కానీ అంత పెద్ద పుస్తకంలో ఆమె పేరు ఒక్కసారైనా రాయలేదు. ఎన్నిసార్లు చదివినా నాకు అది మింగుడుపడదు.

బైబిల్‌లో వినిపించే కేక

అప్పుడు మళ్లీ బైబిల్ తీశాడు. ఈసారి పౌలు రాసిన పత్రికలు. అక్కడ తన రోగానికి పేరు దొరికింది. మంచి ఏదో తెలుసు, చేయాలని ఉంది, చేయలేకపోతున్నాను, వద్దనుకున్నదే చేస్తున్నాను, నన్ను విడిపించేవాడెవడు అని పౌలు రోమీయులకి రాసిన పత్రికలో తల్లడిల్లుతాడు.

నిజానికి బైబిల్ పొడవునా ఈ కేక వినిపిస్తుంది. ఐగుప్తులో బానిసలైన జనం రక్షించమని మొరపెట్టుకుంటారు. కీర్తనల్లో దావీదు తన పాపం తను కడుక్కోలేక దేవుణ్ణే కడగమంటాడు. కొత్త నిబంధనలో పేతురు నీళ్లమీద నాలుగడుగులు నడిచి, గాలికి భయపడి మునిగిపోతూ అరుస్తాడు. యేసు చెయ్యి చాపి పట్టుకుంటాడు. పేతురుది నీటిలో మునుగుతున్నవాడి అరుపు, గజేంద్రుడిదీ అలాంటిదే. అసలు యేసు అనే పేరుకి మూలమైన హీబ్రూ మాటలోనే దేవుడు రక్షిస్తాడు అనే అర్థం ఉంది.

ప్లేటో పుస్తకాల్లో తనకి దొరకనిది ఇక్కడ దొరికిందంటాడు అగస్టీన్. అక్కడ సత్యం పైన ఉంది, మనిషే ఎక్కి వెళ్లాలి. ఇక్కడ దేవుడే మనిషై కిందికి దిగాడు. అవతారం అనే మాటతో పెరిగిన మనకి ఇది కొత్తగా ఉండదు. తేడా ఏంటంటే, మనకి అవతారాలు యుగయుగాన వస్తాయి. క్రైస్తవులకి ఆ దిగిరావడం చరిత్రలో ఒకేసారి, ఒకే వ్యక్తిలో జరిగింది. ఈ తేడా చిన్నది కాదు, దాన్ని చెరిపేయాలని నేను అనుకోవట్లేదు. కానీ అగస్టీన్‌కి అడ్డొచ్చింది సిద్ధాంతం కాదు, అహంకారం. దిగివచ్చినవాణ్ణి పట్టుకోవాలంటే తనూ దిగాలి కదా.

తోటలో ఆ మధ్యాహ్నం

386 ఆగస్టు. అగస్టీన్‌కి 31 ఏళ్లు. పొంటీషియానస్ అనే ఆస్థాన ఉద్యోగి ఇంటికొచ్చి, ఈజిప్టు ఎడారిలో తపస్సు చేసిన ఆంటోనీ అనే సన్యాసి కథ చెప్పాడు. ఆ కథ చదివి ఇద్దరు ప్రభుత్వోద్యోగులు అక్కడికక్కడే కొలువులు వదిలేశారట. అది విన్నాక అగస్టీన్ ఉండలేకపోయాడు. ఏమీ చదువుకోనివాళ్లు స్వర్గాన్ని పట్టేస్తున్నారు, ఇంత చదివిన మనం బురదలో దొర్లుతున్నాం అని బాధపడుతూ ఇంటి వెనక తోటలోకి వెళ్లిపోయాడు. జుట్టు పీక్కున్నాడు, నుదురు కొట్టుకున్నాడు.

అక్కడ ఆయనకొక విచిత్రం తట్టింది. చేతిని లేవమంటే లేస్తుంది. అదే మనసు తనకి తాను ఆజ్ఞ ఇచ్చుకుంటే మాత్రం వినదు. ఎందుకంటే సగం మనసే ఆజ్ఞ ఇస్తోంది, మిగతా సగం వద్దంటోంది. కుర్రతనంలో ఆయన దేవుణ్ణి నిగ్రహం ఇవ్వమని అడిగేవాడు, కానీ ఇప్పుడే వద్దని కూడా వేడుకునేవాడు. కోరికకి లొంగితే అలవాటవుతుంది, అలవాటుని ఆపకపోతే అది లేనిదే బతకలేని స్థితి వస్తుంది. ఆ గొలుసులో ఒక్కో కడియం తనే చేసుకున్నాడు. ఇప్పుడు తను తెంచుకోలేడు.

రాత్రి రెండింటికి ఇంక ఫోన్ పక్కన పెట్టేయాలని గట్టిగా అనుకుంటూ ఇంకో రీల్ పైకి జరిపిన ప్రతివాడికీ ఈ తోట తెలుసు.

అంజూర చెట్టు కింద పడి ఏడుస్తుంటే, పక్కింటి వైపు నుంచి ఒక పసిగొంతు ఏదో పాటలా పదేపదే అంటోంది. తీసుకుని చదువుకోమని దాని అర్థం. పిల్లల ఆటల్లో అలాంటి పాట ఏదైనా ఉందా అని ఆలోచించాడు, గుర్తురాలేదు. లేచి వెళ్లి పౌలు పత్రికలు తెరిచాడు. కంటపడిన వాక్యం తాగుడు, విచ్చలవిడితనం, కలహాలు వదిలి క్రీస్తుని వస్త్రంలా ధరించమంటోంది. ఇంక చదవలేదు. అవసరం లేకపోయింది. లోపల ఏళ్లనాటి చీకటి విడిపోయింది అంటాడు.

ఈ ఘట్టం ప్రపంచమంతా తెలుసు. నన్ను ఆపేసింది మాత్రం దాని పక్కనున్న చిన్న సంగతి. అలీపియస్ అనే స్నేహితుడు ఆ తోటలోకి వెంట వెళ్లి, నోరు మెదపకుండా పక్కనే కూర్చున్నాడు. సలహా ఇవ్వలేదు. తీర్పు చెప్పలేదు. అగస్టీన్ ఏడవడానికి అవతలికి వెళ్తే కూర్చున్నచోటే ఉండిపోయాడు, తిరిగొచ్చేదాకా. తర్వాత అదే పేజీలో కింది వాక్యం చదివాడు. విశ్వాసంలో బలహీనుడైనవాణ్ణి చేర్చుకోమని ఉందక్కడ. అది తనకే చెప్పారనుకున్నాడు అలీపియస్.

నాకూ అదే చెప్పినట్టనిపించింది, పాతికేళ్లు ఆలస్యంగా. మా అరుగు గుర్తొచ్చింది.

మాల తీసిన తర్వాతి జీవితం

387 ఈస్టర్ రాత్రి ఆంబ్రోస్ చేతుల మీదుగా అగస్టీన్, అలీపియస్, చిన్న అడియోడాటస్ ముగ్గురూ బాప్తిస్మం తీసుకున్నారు. ఆఫ్రికాకి తిరిగివెళ్తూ ఓడ కోసం ఓస్టియా రేవులో ఆగినప్పుడు మోనికాకి జ్వరమొచ్చింది. తన సమాధి భర్త పక్కనే ఉండాలని ఎప్పటినుంచో అనుకున్న ఆవిడ, చివరికి ఎక్కడైనా పర్లేదంది. 56వ ఏట అక్కడే కన్నుమూసింది. ఆఫ్రికా చేరిన కొన్నాళ్లకే కొడుకూ పోయాడు, ఇంకా మీసాలు వచ్చే వయసులోనే.

391లో హిప్పో అనే రేవు పట్నానికి వెళ్తే, అక్కడి జనం పట్టుబట్టి ఆయన్ని ఫాదర్‌ని చేశారు. కొన్నేళ్లకి బిషప్ అయ్యాడు. జీవితాంతం అక్కడే ఉన్నాడు. ఆ ఊరు ఇప్పుడు అల్జీరియాలోని అన్నాబా. అక్కడే 397 నుంచి కొన్నేళ్లపాటు కన్ఫెషన్స్ రాశాడు.

మీరు పదో భాగం చదవాలి. తోటలో అద్భుతం జరిగి పదేళ్లు దాటింది. పెద్ద బిషప్, పేరున్న గురువు. అప్పుడు కూడా తిండి మీద ఆశ పోలేదనీ, కలల్లో పాత కోరికలు వస్తున్నాయనీ, పొగిడితే ఇంకా మనసు పొంగుతోందనీ రాశాడు. రక్షించబడ్డవాడికి పోరాటం అయిపోలేదు. 42వ రోజు ఆయనకీ ఉంది, ప్రతిరోజూ ఉంది. ఒంటరిగా పోరాడట్లేదు, అంతే తేడా.

ఆ పుస్తకమే పెద్ద వివాదం తెచ్చింది. బ్రిటన్‌కి చెందిన పెలాజియస్ అనే సాధకుడు రోమ్‌లో ఉండేవాడు. దేవుడు ఏది చేయమంటాడో దానికి కావలసిన శక్తీ ఆయనే ఇవ్వాలన్న అగస్టీన్ ప్రార్థన విని ఆయన మండిపడ్డాడు. మనిషి తలచుకుంటే మంచిగా బతకగలడు, అంతా దేవుడి కృప అంటే మనుషులు బద్ధకస్తులవుతారు అని ఆయన వాదం. కృప లేకుండా మనిషి మొదటి అడుగైనా వేయలేడని అగస్టీన్ వాదం. 418లో కార్తేజ్ సభ పెలాజియస్ బోధని తప్పని తీర్మానించింది.

మనకి ఈ చర్చ పరాయిది కాదు. శ్రీవైష్ణవంలో మర్కట న్యాయం, మార్జాల న్యాయం అని వినే ఉంటారు. కోతిపిల్ల తల్లిని తనే గట్టిగా పట్టుకోవాలి. పిల్లికూన ఏమీ చేయక్కర్లేదు, తల్లే నోట కరుచుకుని తీసుకెళ్తుంది. వడగలై వారు మొదటిదాన్ని, తెంగలై వారు రెండోదాన్ని చెప్తారు. అగస్టీన్ మన దగ్గర పుట్టి ఉంటే పిల్లికూన పక్షాన నిలబడేవాడని నా ఊహ.

ఆయన చేసినవన్నీ నాకు నచ్చవు. డోనటిస్టులనే సాటి క్రైస్తవ వర్గాన్ని దారికి తేవడానికి ప్రభుత్వ బలప్రయోగాన్ని సమర్థించాడు. బలవంతంగా ఎవరి మనసూ మారదని తోటలో స్వయంగా తెలుసుకున్నవాడు అలా చేయడం బాధ కలిగిస్తుంది. మహానుభావులకి కూడా ఎంత కృప అవసరమో అక్కడ తెలుస్తుంది.

430లో వాండల్ సేనలు హిప్పోని ముట్టడించాయి. మూడో నెలలో అగస్టీన్ మంచం పట్టాడు. దావీదు పశ్చాత్తాప కీర్తనల్ని రాయించి మంచానికి ఎదురుగా గోడకి పెట్టించుకున్నాడు. చివరి రోజుల్లో వైద్యుల్నీ, భోజనం తెచ్చేవాళ్లనీ తప్ప ఎవరినీ లోపలికి రావద్దని, వాటిని చదువుకుంటూ ఏడుస్తూ గడిపాడు. ఆగస్టు 28న కన్నుమూశాడు. 75 ఏళ్లు. అంత జ్ఞానం, అన్ని గ్రంథాలు, చివరికి చేతిలో ఉన్నది మళ్లీ అదే మొర.

మళ్లీ గజేంద్రుడి దగ్గరికి

ఇప్పుడు మీ ప్రశ్న. ఏనుగు మొదటిరోజే ఎందుకు పిలవలేదు?

పిలిచినా అది సాయం అడగడమే అయ్యేది. నా బలానికి నీ బలం కాస్త కలుపు అన్నట్టు. రక్షించమని అడగాలంటే తన బలం అయిపోయిందని ముందు తనకి తెలియాలి. ఏనుగు ఆ వెయ్యేళ్లు వృథా చేయలేదు. తన బలం ఎంతో తెలుసుకోవడానికి దానికి అంతకాలం పట్టింది. అగస్టీన్‌కి 31 ఏళ్లు పట్టింది. దేవుడి పేరు వేరు, దారి వేరు. నా దారి నాదే, పొద్దున్న నేను చదువుకునేది విష్ణు సహస్రనామమే. కానీ ఆ మొర ఎవరి నోట వచ్చినా నేను గుర్తుపట్టగలను.

ఇంకో సంగతి. భాగవతంలో మిగతా ఏనుగులు కూడా గజేంద్రుణ్ణి ఒడ్డుకి లాగాలని చూస్తాయి. వాటివల్ల కాలేదు. రక్షించడం వాటి పని కాదు. కానీ మడుగు ఒడ్డు దాకా వచ్చాయి. నేను అరుగు దాకా కూడా వెళ్లలేదు.

మీ ఇంట్లో ఎవరైనా మాల తీసిన మర్నాటికి భయపడుతున్నారేమో చూడండి. తాగుడు మానలేకపోతుంటే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి, దానికి వైద్యం ఉంది, అందులో సిగ్గుపడాల్సింది లేదు. తీసుకెళ్లేవరకు సాయంత్రం పూట పక్కన కూర్చోండి. ఉపన్యాసం వద్దు. అలీపియస్‌లా ఊరికే కూర్చుంటే చాలు.

వచ్చేవారం కలుద్దాం. సర్వం శ్రీకృష్ణార్పణం.